నెలలు నిండని పాపను ఎన్‌ఐసీయూ నుంచి ఇంటికి తెస్తున్నాం, ఏమేం సిద్ధం చేసుకోవాలి?

చిన్నిఅమ్మ
మా పాప 30 వారాలకే పుట్టింది. పుట్టినప్పుడు 1240 గ్రాములు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) ఉంది. మొదట సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయం చేసే మిషన్) పెట్టారు, తర్వాత కొన్నాళ్లు ఆక్సిజన్. ఇప్పుడు ఏ సాయమూ లేకుండా తనే ఊపిరి తీసుకుంటోంది. ముక్కు గొట్టం తీసేశారు. కొంత నా దగ్గర తాగుతుంది, మిగతాది పిండిన పాలు. నిన్నటికి 1760 గ్రాములైంది. డాక్టర్‌గారు రౌండ్లకు వచ్చినప్పుడు "ఈ వారంలో పంపించేస్తాం, రెడీగా ఉండండమ్మా" అని చెప్పి పక్క వార్మర్ దగ్గరికి వెళ్లిపోయారు. రెడీగా ఉండడం అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు.

ఇన్నాళ్లూ ఇంటికి ఎప్పుడు తీసుకెళ్తామా అని ఎదురుచూశాను. ఇప్పుడు ఆ మాట వినగానే కాళ్లు వణికాయి. మా అత్తగారి ఊరు మహబూబాబాద్ దగ్గర. ఉమ్మడి కుటుంబం, వచ్చేపోయే చుట్టాలు ఎక్కువ. బయట చలి మొదలైంది. అత్తమ్మ అప్పుడే సాంబ్రాణి తెప్పించారు, నీళ్లు పోసే ఆమెతో మాట్లాడి పెట్టారు. చూడడానికి వచ్చిన ఒకావిడ "ఏడో నెల పిల్లలు బతుకుతారు గానీ ఎనిమిదో నెలవాళ్లు కష్టం" అని నా ముందే అన్నది. ఆ రాత్రంతా నిద్ర లేదు.

ఏమేం కొనాలి? నేరుగా ఊరికి వెళ్లొచ్చా, లేక ఇక్కడే మా అక్క ఇంట్లో కొన్నాళ్లు ఉండాలా? ఇంట్లో మానిటర్ ఉండదు కదా, రాత్రి ఊపిరి ఆగితే నాకెలా తెలుస్తుంది? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

వైజాగ్_నాన్న
ఎనిమిదో నెల మాట ముందు మనసులోంచి తీసేయండి. కడుపులో ఎన్ని వారాలు ఎక్కువ ఉంటే ఊపిరితిత్తులు అంత గట్టిపడతాయి. అంటే ఎనిమిదో నెల బిడ్డకే ఏడో నెల బిడ్డకన్నా బలం ఎక్కువ. మావాడు 29 వారాలవాడు. ఇప్పుడు మూడేళ్లు దాటాయి. ఇందాకే నా కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాడు.

కొనడానికి పెద్దగా ఏమీ లేదు. డిజిటల్ థర్మామీటర్, నూలు టోపీలు, సాక్సులు, ముందు నుంచి తెరుచుకునే మెత్తటి చొక్కాలు, చిన్న సైజు డైపర్లు, చేతులు కడుక్కునే సబ్బు. ఒక నోటుబుక్ కూడా, పాలు, ఒంటికి, మందులు రాసుకోవడానికి. పరుపుల సెట్టు, దిండ్లు, బొమ్మలు ఏవీ వద్దు.

కరీంనగర్_కిరణ్
మా బాబు ఇంకా జిల్లా ఆస్పత్రి ఎస్‌ఎన్‌సీయూలోనే (ప్రభుత్వాస్పత్రిలో పసిపిల్లల ప్రత్యేక వార్డు) ఉన్నాడు. ఇదంతా నాకూ కావాలి. చదువుతూ ఉంటా.

సిస్టర్_మణి
నేను నవజాత శిశువుల ఐసీయూలో స్టాఫ్ నర్సును. కొనేవాటి గురించి తర్వాత. ఆస్పత్రిలో ఉన్న ఈ నాలుగు రోజులూ మీకు చాలా విలువైనవి. వాటిని వాడుకోండి.

మొదటిది, డిశ్చార్జికి ముందు కనీసం ఒక రాత్రి పాపతో గదిలో మీరే ఉండేలా అడగండి. పాలు, మందు, డైపర్, టెంపరేచర్ అన్నీ మీ చేత్తోనే జరగాలి. సిస్టర్ పక్కన నిలబడి చూడాలంతే. ఇంటికి వెళ్లాక వచ్చే అనుమానాల్లో సగం ఆ రాత్రే వస్తాయి, జవాబు చెప్పే మనిషి పక్కనే ఉంటుంది. చాలా ఆస్పత్రులు అడిగితే ఒప్పుకుంటాయి.

రెండోది, కెఫీన్ మందు ఎప్పుడు ఆపారో అడగండి. ఊపిరి మధ్యలో మర్చిపోయే పిల్లలకు అది ఇస్తారు. ఆపాక మామూలుగా 5 నుంచి 7 రోజులు ఊపిరి ఆగకుండా ఉందని చూసుకునే పంపిస్తారు. మీ పాపకు ఆ గడువు పూర్తయిందని డాక్టర్‌గారి నోట వింటే మీ భయం చాలావరకు తగ్గుతుంది.

మూడోది, డిశ్చార్జి కాగితం చేతికి రాగానే సంచిలో పెట్టేయకండి. అక్కడే కూర్చుని చదవండి. కంటి పరీక్ష మళ్లీ ఎప్పుడు, చెవి పరీక్ష అయిందా, తల స్కాన్‌లో ఏముంది, ఏ టీకాలు వేశారు, ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లు. ఇందులో ఏది లేకపోయినా రాయించుకున్నాకే కదలండి.

నెల్లూరు_లత
సిస్టర్ కంటి పరీక్షను మొదట చెప్పినందుకు దండం పెట్టాలనిపించింది. దీని గురించి నేను కొంచెం ఎక్కువే రాస్తాను.

మా బాబు 1100 గ్రాములు. డిశ్చార్జి కాగితంలో కింద ఎక్కడో "ఆర్‌ఓపీ ఫాలోఅప్" అని ఒక ముక్క రాసి ఉంది. దాని అర్థం ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు. పిల్లాడి కళ్లు చూస్తే మామూలుగా నిగనిగలాడుతున్నాయి, దీపం వైపు తిరుగుతున్నాడు. మా మరిది ఆ కాగితం చదివి, అదేమిటో తెలిసిన వాళ్లను అడిగి, మమ్మల్ని ఆ రోజే బయల్దేరదీశాడు. చూసిన కంటి డాక్టర్ లేజర్ వెంటనే చేయాలన్నారు, మర్నాడే చేశారు. ఇంకొన్ని రోజులు ఆగితే చూపు దక్కేది కాదన్నారు.

ఆర్‌ఓపీ అంటే ఇదీ: నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా పెరగవు. బయటికి వచ్చాక అవి అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాను లాగేయొచ్చు. పైనుంచి చూస్తే తల్లికీ తెలియదు, మామూలు డాక్టరుకూ తెలియదు. చుక్కలు వేసి లోపల చూడాల్సిందే. మన దేశంలో 34 వారాల లోపు లేదా 2000 గ్రాముల లోపు పుట్టినవాళ్లందరికీ, పుట్టిన 30 రోజుల్లోగా మొదటి పరీక్ష అయిపోవాలి. 28 వారాల లోపువాళ్లకు, 1200 గ్రాముల లోపువాళ్లకు ఇంకా ముందే, రెండు మూడు వారాలకే. ఒకసారి బాగుందన్నారని వదిలేయకూడదు. రక్తనాళాలు పూర్తిగా పెరిగాయి అని డాక్టర్ చెప్పేదాకా పిలిచిన ప్రతిసారీ వెళ్లాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రుల్లో ఈ పరీక్ష చేస్తారు.

మావాడికి కళ్లజోడు ఉంది. బడికి వెళ్తున్నాడు, చదువుతున్నాడు. ఎక్కడ నెలలు నిండని బిడ్డ అన్న మాట వినపడినా నేను ఇదే చెబుతాను.

చిన్నిఅమ్మ
లత అక్కా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మా పాపకు ఒకసారి కంటి డాక్టర్ వచ్చి చూశారు. మళ్లీ ఎప్పుడో చెప్పలేదు. రేపు పొద్దున్నే అడుగుతా.

నెల్లూరు_లత
అడగడమే కాదు, తేదీ వేయించుకో తల్లీ. ఊరికి వెళ్లాలా ఇక్కడ ఉండాలా అన్నదానికి జవాబు కూడా ఆ తేదీలోనే ఉంటుంది.

అమ్మమ్మ_కాకినాడ
మీ అందరి మాటలూ బాగున్నాయి. కానీ ఆ అత్తగారిని మరీ రాక్షసిని చేయకండమ్మా. ఆవిడ తెప్పించిన సాంబ్రాణిలో ప్రేమే ఉంది. మా చేతుల మీద ఎంతమంది పిల్లలు పెరగలేదు? నూనె రాసి, వేణ్నీళ్లు పోసి, పొగ వేసి పడుకోబెడితే నాలుగు గంటలు కదలకుండా పడుకునేవాళ్లు.

వైజాగ్_నాన్న
అమ్మమ్మగారూ, ప్రేమ కాదని ఎవరూ అనలేదు. కానీ నాలుగు గంటలు కదలకుండా పడుకోవడమే ఈ పిల్లలకు ప్రమాదం. రెండు మూడు గంటలకోసారి లేపి పాలు పట్టాలి. ఆకలని ఏడ్చే ఓపిక కూడా వీళ్లకు మొదట్లో ఉండదు.

సిస్టర్_మణి
పొగ మాత్రం వద్దు పెద్దమ్మగారూ. సాంబ్రాణి, అగరబత్తి, దోమల చక్రం, ఇంట్లో చుట్టా బీడీ ఏదైనా ఒకటే. ఈ పాప ఊపిరితిత్తులు నిన్నమొన్నటిదాకా ఆక్సిజన్ మీద ఉన్నాయి. అలాగే కాటుక కంట్లో పెట్టొద్దు, దాంట్లో సీసం ఉండే అవకాశం ఉంది. తేనె ఏడాది నిండేదాకా నాకించొద్దు. వస, ఆముదం, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయొద్దు.

నూనె సంగతిలో మాత్రం మీరు చెప్పింది కొట్టిపారేయను. కొబ్బరినూనె వేళ్లతో మెల్లగా రాస్తే పలుచటి చర్మానికి మంచిదే. గట్టిగా పిసకడం, కాళ్లు పట్టి సాగదీయడం, కాళ్ల మీద పడుకోబెట్టి చెంబులతో నీళ్లు పోయడం వద్దు. బరువు 2 కిలోలు దాటి డాక్టర్ సరేననేదాకా తడిబట్టతో తుడిస్తే చాలు. దిష్టి చుక్క పెట్టుకోవాలనిపిస్తే అరికాలికి పెట్టుకోండి, దానికి నేను అడ్డం రాను.

అమ్మమ్మ_కాకినాడ
అరికాలు చుక్క ఒప్పుకున్నావు కాబట్టి పొగ సంగతి నేనూ వదిలేస్తున్నా. కానీ చలికి ఏం చేస్తారు? కుంపటి కూడా వద్దంటారా?

సిస్టర్_మణి
కుంపటి అస్సలు వద్దు, మూసిన గదిలో ప్రాణానికే ముప్పు. అన్నిటికన్నా మంచి హీటర్ అమ్మ గుండెలు. కంగారూ కేర్ అంటారు కదా, 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని, తక్కువ బరువు పిల్లలందరికీ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా పెట్టుకోమంటోంది. పాపకు డైపర్, టోపీ, సాక్సులు మాత్రమే ఉంచి, మీ ఒంటికి ఆమె ఒళ్లు తగిలేలా నిలువుగా రొమ్ముల మధ్య పెట్టుకోండి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం ఛాతీకి ఆనకుండా కొద్దిగా పైకి. చుట్టూ చీరతోనో మెత్తటి బట్టతోనో కట్టి పైన శాలువా కప్పుకోండి. ఒకసారి పెట్టుకుంటే గంటకు తక్కువ కాకుండా ఉంచండి. పాప కాళ్లూ చేతులూ ఆడిస్తూ ఇక నాకొద్దు అన్నట్టు గింజుకునేదాకా ఇంట్లో కూడా చేయొచ్చు, మామూలుగా రెండున్నర కిలోలు వచ్చేదాకా.

వైజాగ్_నాన్న
నాన్నలూ చేయొచ్చు. మొదటిసారి సిస్టర్ నా ఛాతీ మీద పెట్టినప్పుడు మావాడు అరచేతి కంటే కాస్త పెద్ద. ఊపిరి పీల్చడానికే భయపడ్డాను. తర్వాత రాత్రి రెండు నుంచి ఐదు దాకా నా డ్యూటీ అయింది. ఆ మూడు గంటలూ మా ఆవిడ నిద్రపోయేది. చిన్నిఅమ్మగారూ, మీవారిని ఎన్‌ఐసీయూలోనే ఒకసారి చేయించండి. ఇంటికి వెళ్లాక మొదలుపెట్టాలంటే అందరి ముందూ సిగ్గు పడతారు.

చిన్నిఅమ్మ
ఆయన నిన్న చేశారు! చొక్కా విప్పమంటే చుట్టూ చూశారు గానీ, గంటన్నర కదల్లేదు. పాప ఆక్సిజన్ రీడింగ్ కూడా బాగా ఉంది.

ఫ్రిస్కో_రమ్య
టెక్సాస్ నుంచి. మా పాప 33 వారాలు. ఇక్కడ 37 వారాల లోపు పుట్టిన పిల్లలను పంపే ముందు కార్ సీట్‌లో గంటన్నర రెండు గంటలు కూర్చోబెట్టి, ఆక్సిజన్ పడిపోతోందా, గుండె వేగం తగ్గుతోందా చూస్తారు. కార్ సీట్ లేకుండా ఆస్పత్రి గేటు దాటనివ్వరు. మీరు హైదరాబాద్ నుంచి మహబూబాబాద్ అంటే నాలుగైదు గంటల ప్రయాణం కదా, కార్ సీట్ తప్పకుండా కొనండి. ఒళ్లో పెట్టుకుని వెళ్లకండి.

వైజాగ్_నాన్న
రమ్యగారూ, మా దగ్గర చాలామందికి సొంత కారే లేదు. అద్దె కారులో వెనక సీటు బెల్టు కూడా ఒక్కోసారి దొరకదు.

ఫ్రిస్కో_రమ్య
అర్థమైంది. కానీ ప్రమాదం జరిగితే ఒళ్లో ఉన్న బిడ్డను ఏ తల్లీ పట్టుకోలేదు. దొరికినవాళ్లయినా వాడాలి కదా.

సిస్టర్_మణి
ఇద్దరి మాటా నిజమే. కార్ సీట్ ఉంటే అదే మంచిది. కానీ ఇంత చిన్న పాపకు సరిపోయే సైజు కావాలి. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి దారి మూసుకుంటుంది, అందుకే రమ్యగారి ఆస్పత్రిలో పరీక్ష చేశారు. దారి పొడవునా పక్కన ఒక మనిషి కూర్చుని పాప ముఖం చూస్తుండాలి. గంటకోసారి ఆపి బయటికి తీయాలి. అసలు నా సలహా, ఇంత చిన్నదానితో మొదటి రోజే అంత దూరం వద్దు. బైకు మీద, ఆటోలో చలిగాలికి అయితే అసలే వద్దు.

బ్యాంకు_సుధ
అక్క ఇంట్లో ఉండమనే నా ఓటు. మేము ఆస్పత్రికి పదిహేను నిమిషాల దూరంలో గది అద్దెకు తీసుకుని కొన్నాళ్లు ఉన్నాం. బంధువులకు కోపం వచ్చింది. మొదటి చెకప్, కంటి పరీక్ష, టీకా అన్నీ ఆ లోపే అయిపోయాయి. తర్వాత ఊరికి ధైర్యంగా వెళ్లాం.

పనిలో పని, సెలవుల సంగతి కూడా చెప్పాలి. మీరు ఉద్యోగం చేస్తుంటే, 26 వారాల ప్రసూతి సెలవు కాకుండా నెలలు నిండని కాన్పు వల్ల వచ్చిన అనారోగ్యానికి ఇంకో నెల వరకు జీతంతో సెలవు అడిగే హక్కు ఉంది. మా అప్పుడు ఇది 1961 ప్రసూతి చట్టం 10వ సెక్షన్‌లో ఉండేది, 2025 నవంబరు నుంచి ఆ చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. మా హెచ్‌ఆర్‌కే ఈ సంగతి తెలియదు, సెక్షన్ ప్రింటు తీసి ఇచ్చాకే కదిలారు.

చిన్నిఅమ్మ
నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నెల రోజులు దొరికినా ఎంత మేలో. సుధ అక్కా, ఇన్సూరెన్స్ గురించి కూడా తెలిస్తే చెప్పండి. బిల్లు చూస్తే టెన్షన్‌గా ఉంది.

బ్యాంకు_సుధ
ఆయన కంపెనీ గ్రూపు పాలసీ అయితే పాపను పుట్టిన రోజు నుంచే చేర్చే వీలు చాలావాటిలో ఉంటుంది, కానీ గడువులోపు పేరు ఎక్కించాలి. ఈ రోజే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టమనండి. విడిగా కొన్న పాలసీల్లో చాలాసార్లు 90 రోజులు దాటాకే బిడ్డకు వర్తిస్తుంది. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్లో అడగండి, నవజాత శిశువుల చికిత్సలు కూడా అందులో ఉన్నాయి.

కరీంనగర్_కిరణ్
మాది ప్రభుత్వాస్పత్రే కాబట్టి ఖర్చు లేదు. కానీ ఇంటికి వెళ్లాక ఎవరు చూస్తారన్నదే దిగులు. మా ఊరికి పిల్లల డాక్టర్ 40 కిలోమీటర్లు.

ఆశా_సరోజ
మేము చూస్తాం తమ్ముడూ. నేను జగిత్యాల దగ్గర ఆశా కార్యకర్తను. మా సంచిలో బరువు తూచే త్రాసు, థర్మామీటర్ ఉంటాయి. పుట్టాక 42 రోజుల లోపు ఇంటికి వచ్చి చూసే విజిట్లు మా డ్యూటీ. ఎస్‌ఎన్‌సీయూ నుంచి వచ్చిన పిల్లలనైతే ఇంకా జాగ్రత్తగా చూస్తాం. మీరు చేయాల్సింది ఒక్కటే, డిశ్చార్జి రోజే మీ ఊరి ఆశాకు ఫోన్ చేయండి. ప్రైవేటు ఆస్పత్రి నుంచి వచ్చిన పిల్లల సంగతి మాకు తెలియకుండా పోతుంది, చిన్నిఅమ్మా నువ్వు కూడా చెయ్యి. ఇంకోటి, జేఎస్‌ఎస్‌కే అనే ప్రభుత్వ పథకం కింద ఏడాది నిండేదాకా బిడ్డకు ప్రభుత్వాస్పత్రిలో వైద్యం ఉచితం, రాకపోకలకు బండి కూడా.

చలి పట్టిందో లేదో చూడడానికి మేం తల్లులకు నేర్పేది: చెయ్యి వెనక వైపుతో పొట్ట, అరికాళ్లు ముట్టుకోండి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా ఉండి కాళ్లు చల్లగా ఉంటే చలి మొదలైనట్టు, వెంటనే గుండెలకు హత్తుకోవాలి. రెండూ చల్లబడితే ఆగకుండా ఆస్పత్రికి.

చిన్నిఅమ్మ
సరోజక్కా, ఇది మా అత్తమ్మకు కూడా నేర్పిస్తా. ఆమెకు థర్మామీటర్ అంకెలు చదవడం రాదు, ఇది వస్తుంది.

ఒక అనుమానం. పిండిన పాలు సీసాతో పట్టమని పక్క బెడ్ వాళ్లు అంటున్నారు. తొందరగా అయిపోతుందట.

నెల్లూరు_లత
తొందరగా అవ్వడమే ఇబ్బంది. సీసా పీక నుంచి పాలు ధారగా వస్తే ఊపిరి, గుటక కుదరక నీలం తిరుగుతారు. పీక అలవాటైతే మళ్లీ రొమ్ము పట్టించడమూ కష్టమే.

ఫ్రిస్కో_రమ్య
ఇక్కడ మాకు సీసానే నేర్పారు, పక్కకు పడుకోబెట్టి, నెమ్మదిగా వచ్చే పీకతో. మా పాప తర్వాత రొమ్ము కూడా పట్టింది. సీసా పట్టిన తల్లులు భయపడక్కర్లేదు.

సిస్టర్_మణి
మీకు శుభ్రమైన నీళ్లు, స్టెరిలైజర్, నేర్పే మనిషి ఉన్నారు రమ్యగారూ. మన ఇళ్లలో సీసా, పీక కడగడంలోనే విరేచనాలు మొదలవుతాయి. అందుకే ఇక్కడ ఉగ్గుగిన్నె. ఆస్పత్రుల్లో పలాడై అంటారు. పాపను కొంచెం నిటారుగా ఒళ్లో పట్టుకుని, మెలకువగా ఉన్నప్పుడే, గిన్నె మూతిని పెదవి చివర ఆనించండి. నోట్లో పోయకూడదు, ఆమె చప్పరించి మింగేదాకా ఆగి మళ్లీ కొంచెం. గిన్నెను ప్రతిసారీ కడిగి మరిగించాలి. పిండిన పాలు బయట నాలుగు గంటలకు మించి ఉంచొద్దు. ఫ్రిజ్‌లో వెనక వైపు పెడితే ఒక రోజు. వేడి చేయాలంటే పొయ్యి మీద కాదు, వేడినీళ్ల గిన్నెలో ఉంచి. పాలలో కలిపే పొడి ప్యాకెట్ రాసి ఉంటే కొలత మార్చొద్దు, బరువు పెరగాలని ఎక్కువ వేయొద్దు.

మందుల్లో ఒక జాగ్రత్త. విటమిన్ డి చుక్కలు మన దగ్గర ఒక మిల్లీలీటరుకు 400 యూనిట్లవీ ఉన్నాయి, 800వీ ఉన్నాయి. షాపువాడు ఒకటి లేదని ఇంకోటి ఇస్తే డోసు రెట్టింపవుతుంది. అట్ట మీద అంకె చూసే కొనండి. ఐరన్ చుక్కలు వేస్తే దొడ్డికి నల్లగా వస్తుంది, కంగారు పడకండి.

హన్మకొండ_హరి
రాత్రి ఊపిరి గురించి అడిగారు కదా. కాలికి తొడిగే సాక్సు మానిటర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఫోన్‌కు అలారం వస్తుంది. మేము కొన్నాం. నాకు దాంతోనే నిద్ర పట్టింది.

సిస్టర్_మణి
మీకు ధైర్యం ఇచ్చిందంటే సంతోషం. కానీ మిగతావాళ్లను కొనమని నేను చెప్పలేను. కాలు కదిలినా, సాక్సు జారినా అలారం మోగుతుంది. పదిసార్లు ఉత్తుత్తిగా మోగాక పదకొండోసారి నిజంగా మోగినా లేవరు. ఇంట్లో ఆక్సిజన్ మీద పంపిన పిల్లలకు డాక్టర్ రాస్తే మాత్రం అసలైన పల్స్ ఆక్సీమీటర్ కావాలి.

ఈ పిల్లలు నిద్రలో గబగబా ఊపిరి తీసి, ఐదు పది సెకన్లు ఆపి, మళ్లీ తీస్తారు. రంగు మారకుండా ఉంటే అది మామూలే. 20 సెకన్లు దాటి ఆగినా, పెదాలు నీలంగా మారినా, ఒళ్లు వేలాడేసినా అది మామూలు కాదు. అరికాలు గట్టిగా రుద్దండి, తల తిన్నగా పెట్టండి, 108కి ఫోన్ చేయండి. నోటితో ఊపిరి ఇవ్వడం, ఛాతీ నొక్కడం ఎలాగో డిశ్చార్జికి ముందే బొమ్మ మీద నేర్పమనండి. ఇంట్లో ఇద్దరికి వచ్చి ఉండాలి.

పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా. ఐసీయూలో బోర్లా పడుకోబెట్టి ఉంటారు, అది మానిటర్ ఉంది కాబట్టి. ఇంకో ముఖ్యమైన మాట, చీర ఉయ్యాల వద్దు. అందులో తల ముందుకు మడత పడుతుంది.

అమ్మమ్మ_కాకినాడ
ఉయ్యాల కూడా వద్దా? మరి బారసాల ఎట్లా?

వైజాగ్_నాన్న
మేము పుట్టాల్సిన తేదీ దాటాక చేశాం అమ్మమ్మగారూ. పంతులుగారు కూడా మంచి ముహూర్తమే దొరికిందన్నారు. ఒక్క నిమిషం ఉయ్యాలలో వేసి, పేరు చెప్పి, తీసేశాం. వచ్చినవాళ్లు గడప దగ్గర చేతులు కడుక్కున్నారు. జలుబు ఉన్న మా బాబాయి బయట అరుగు మీదే భోంచేసి ఆశీర్వదించాడు, ఏమీ అనుకోలేదు.

అమ్మమ్మ_కాకినాడ
అదైతే బాగుంది. అయితే పిల్లకు అన్నప్రాశన, నడక అన్నీ కూడా ఆలస్యమే లెక్కేసుకోవాలన్నమాట.

పిల్లల_ఫిజియో
అవును, దాన్నే కరెక్టెడ్ వయసు అంటాం. రెండేళ్లు వచ్చేదాకా ఇదే లెక్క. చిన్నిఅమ్మగారి పాప పది వారాలు ముందు పుట్టింది. ఆమెకు ఆరు నెలలు వచ్చేసరికి నేను ఆమెను మూడున్నర నెలల పాపగా చూస్తాను. పక్కింటి పిల్ల బోర్లా పడింది, మన పిల్ల పడలేదని పోల్చకండి. ఘనాహారం మొదలుపెట్టడానికీ ఇదే లెక్క, డాక్టర్‌ను అడిగి.

టీకాలకు మాత్రం ఈ లెక్క లేదు! వాటికి పుట్టిన తేదీయే. ఆరు వారాల టీకాలు ఆరు వారాలకే. హెపటైటిస్ బి మొదటి డోసు ఒక్కటి 2 కిలోల లోపువాళ్లకు కొంచెం ఆపి వేస్తారు.

మెడ నిలపకపోవడం, ఎప్పుడూ పిడికిళ్లు బిగించి ఉండడం, ఒక పక్క చెయ్యే ఆడించడం, కాళ్లు కట్టెల్లా బిగుసుకోవడం కనిపిస్తే ఆగకండి. జిల్లా ఆస్పత్రుల్లోని డైక్ సెంటర్లలో (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే చోటు) ఉచితంగా చూస్తారు. తొందరగా మొదలుపెట్టిన పిల్లలు ఎంత మారతారో నేను రోజూ చూస్తున్నాను. ఎన్‌ఐసీయూలో ఉన్న పిల్లలకు చెవి పరీక్ష బెరా పద్ధతిలో (శబ్దం మెదడుదాకా చేరుతోందా చూసేది) చేయించండి, ఓఏఈ (లోపలి చెవిని మాత్రమే చూసేది) ఒక్కటే సరిపోదు.

హన్మకొండ_హరి
సిస్టర్, ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలో ఒకచోట రాస్తే ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంటాం.

సిస్టర్_మణి
రెండు పూటలు పాలు సరిగా తాగకపోతే. లేపినా లేవకుండా మత్తుగా ఉంటే. ఊపిరి నిమిషానికి 60 దాటితే (పూర్తి నిమిషం లెక్కపెట్టాలి), డొక్కలు ఎగరేస్తుంటే, మూలుగుతుంటే. టెంపరేచర్ 97.7 కంటే తగ్గి, గుండెలకు పెట్టుకున్నా పెరగకపోతే, లేదా 99.5 దాటితే. అరిచేతులు, అరికాళ్లు పచ్చబడితే. పొట్ట ఉబ్బి ఆకుపచ్చ వాంతి అయితే. ఫిట్స్ వస్తే. రోజుకు ఆరుసార్ల కంటే తక్కువ ఒంటికి పోస్తే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా చూద్దాం అనుకోవద్దు.

ఇంకా ఏదీ లేకపోయినా, "పాప ఎందుకో తేడాగా ఉంది" అని తల్లికి అనిపిస్తే కూడా రండి. మా వార్డులో ఎవరూ విసుక్కోరు.

చిన్నిఅమ్మ
అప్‌డేట్. డాక్టర్‌గారిని కూర్చోబెట్టి నోటుబుక్‌లో రాసుకున్నవన్నీ అడిగాను. ఓపిగ్గా చెప్పారు. కెఫీన్ ఆపి వారం దాటిందట. బెరా అయింది, బాగుంది. కంటి పరీక్ష వచ్చే మంగళవారం, ఆ తర్వాత కూడా ఉంటాయన్నారు. అందుకే ఊరు ఇప్పుడే కాదు, అక్క ఇంటికే. ఆరు వారాల టీకా ఇక్కడే వేసి పంపిస్తున్నారు.

అత్తమ్మ ముందు ముఖం ముడుచుకున్నారు. ఎన్‌ఐసీయూ సిస్టర్ ఆమెకు గౌను తొడిగి లోపలికి తీసుకెళ్లి పాపను ఆమె గుండెల మీద పెట్టింది. బయటికి వచ్చి "ఇంత చిన్నదానికి పొగ ఎట్లేస్తారు" అని నన్నే అడిగారు. నాతోపాటు అక్క ఇంటికి ఆమె కూడా వస్తున్నారు, రాత్రి ఒక వంతు నాదే అంటున్నారు.

అమ్మమ్మ_కాకినాడ
నేను చెప్పలేదూ, ఆవిడ మంచిదని!

వైజాగ్_నాన్న
మీరే గెలిచారు అమ్మమ్మగారూ.

చిన్నిఅమ్మగారూ, మీ నిద్ర, మీ తిండి కూడా లెక్కలో రాసుకోండి. పత్యం పేరుతో చారన్నం మీద ఉంచితే పాలు ఎక్కణ్నుంచి వస్తాయి? ఏడుపు ఆగకుండా వస్తున్నా, పాప మీద ఏ భావమూ కలగడం లేదనిపించినా దాచుకోకుండా డాక్టర్‌కు చెప్పండి. మా ఆవిడకు అలా అయింది. కౌన్సెలింగ్, మందులతో కోలుకుంది.

కరీంనగర్_కిరణ్
మా బాబుకు కూడా వచ్చే వారం అన్నారు. కెఫీన్, కళ్లు, బెరా రాసుకున్నా. ఒక్క ప్రశ్న. మా ఊళ్లో తెల్లవారుజామున కరెంటు పోతుంది. గది చల్లబడితే? హీటర్ ఉన్నా లాభం లేదు.

ఆశా_సరోజ
కరెంటు లేకపోతే కంగారూ కేర్ ఉంది కదా తమ్ముడూ, కరెంటు అక్కర్లేనిది అదొక్కటే. నువ్వు, మీ ఆవిడ, మీ అమ్మ వంతులేసుకోండి. కిటికీ సందులకు బట్ట కుక్కండి, బాబును గోడ పక్కన, కిటికీ కింద పడుకోబెట్టకండి. తడి డైపర్ వెంటనే మార్చండి, సగం చలి దాంతోనే. టోపీ తడిస్తే అదీ మార్చాలి. మీ ఊరి పేరు నాకు మెసేజ్ పెట్టు, అక్కడి ఆశాతో నేను మాట్లాడతా.

కరీంనగర్_కిరణ్
పెట్టాను అక్కా. కంటి పరీక్షకు తేదీ కూడా రేపు అడుగుతున్నా.